నాభి కుండీ

బావా,

ముందు ‘ప్రియమైన’ అని రాశాను. జైల్లో రాస్తున్న కాగితం మీద ఆ మాట నప్పలేదు, కొట్టేశాను. అందుకే ఉత్త బావా అని మొదలుపెట్టాను, ఏమీ అనుకోకు.

ఈ ఉత్తరం మన లాయరమ్మ నీలవేణి గారు తెచ్చి ఇస్తారు. జవాబు కూడా ఆవిడ చేతికే ఇయ్యి. జైలు ఫోనులో మాట్లాడితే వెనక నిలబడ్డవాళ్లందరూ వింటున్నారు, ఇవన్నీ అక్కడ చెప్పలేను.

అత్త కళ్లు తెరిచిందా? ఇక్కడ ఎవరిని అడిగినా ‘నీకెందుకమ్మా’ అంటున్నారు. ఆవిడ పోతే నా మీద పెట్టిన ఈ కేసు హత్య కేసైపోతుందని పక్క చాప మీద పడుకునే ఖైదీ ఆవిడ చెప్పింది. నేను అందుకు అడగడంలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే కదా.

ఒక్క పని చెయ్యి. అత్త ఒంట్లో అడవినాభి దుంప విషం ఉందని డాక్టర్లన్నారు. పోలీసులు వచ్చి మన పెరట్లో నేను పువ్వులకోసం పెంచే నాభి కుండీని పుల్లతో గీకి, పైన ఏమీ కనబడకపోయేసరికి ‘దుంపలు తవ్వేసింది’ అని రాసుకున్నారు. వాళ్లకి తెలీదు. నాభి తీగ చలికాలానికి ఎండిపోతుంది. దుంప మట్టికింద నిద్రపోతుంది. తొలకరి పడేదాకా పైకి పచ్చటి చుక్క కూడా కనబడదు. నూతి పక్కనున్న ఆ పెద్ద కుండీలో, జానెడు లోతున, రెండు దుంపలు పెట్టాను. ఒక్కోదానికి నాగలిలా రెండు కొమ్ములుంటాయి. చేత్తోనే తవ్వు, గునపం వద్దు. కొమ్ము చివరే మొలక ఉంటుంది, అది విరిగితే ఇంక చిగురించదు. రెండూ ఉన్నాయంటే నా చేతుల్లోంచి విషం పోలేదని తేలినట్టే.

త్వరగా చూడు బావా. చాలా భయంగా ఉంది.

నీ
సుహాసిని

*

సుహాసినీ,

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. అమ్మ ఇంకా ఐసీయూలోనే ఉంది. గొంతులో గొట్టం ఉండడంతో మాట లేదు. నిన్న నర్సు తల దువ్వబోతే జుత్తు మొత్తం కుచ్చులా ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఆ విషానికి అలాగే ఊడుతుందట. చూడలేక బయటికి వచ్చేశాను.

మొక్కలు బాగున్నాయి. ఎర్ర లిల్లీల పూత అయిపోయింది. వాడిన కాడలు కోసి ఆకులు ఉంచేశాను. ఆకు తిన్న ఎండంతా దుంపలోకే చేరుతుందని నువ్వు చెప్పేదానివి కదా. ఫుట్‌బాల్ లిల్లీ ఒకటి ముక్కు బయటపెట్టింది. మనం అమ్మే తెల్ల లిల్లీ కాడలు మాత్రం గజపతినగరంలో ఎవరూ కొనడంలేదు. మన పెరటి పువ్వంటేనే జనం వెనక్కి జరుగుతున్నారు.

నాభి కుండీ ఇంకా తవ్వలేదు. ఇంటికీ ఆసుపత్రికీ తిరగడంతోనే సరిపోతోంది. తొలకరి పడితే అవే మొలుస్తాయి కదా, అప్పుడు ఊరంతా చూస్తుంది.

పక్కింటి మరిడమ్మ పోలీసులకి ఏం చెప్పిందో తెలుసా? ‘అత్త కుండీ పగలగొట్టీసిందని కోడలు మాటాడ్డం మానీసింది. ఆ పెరట్లో ఇసం పెంచతన్నాది బాబూ’ అందట. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అమ్మ మీద నీకు మనసులో ఏమైనా ఉండేదా?

ఇట్లు నీ
ధర్మేంద్ర

*

బావా,

ఉండేది. నేను ఏళ్ల తరబడి పిలకలు విడదీసి పెంచుకున్న లిల్లీ కుండీని అత్త కాలితో తన్ని పగలగొట్టింది. ‘నాలుగు వంకాయ మొక్కలేసుకోక ఈ పువ్వులేటే, ఉడకబెట్టుకుని తింటామా?’ అంది. కోపం రాదా? మాట్లాడ్డం మానేశాను. తర్వాత ఒక పొద్దున్న ఆవిడే వంటగది గుమ్మంలోకి వచ్చి, ‘ఒసే, నాకు టీ ఎట్టవా?’ అంది. పెట్టాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని తాగాం. మా కోపాలు అంతవరకే. మరిడమ్మ కుండీ పగలడం చూసింది, టీ చూడలేదు.

నీకు తీరిక లేదని రాశావు. లిల్లీ కాడలు కోయడానికి మాత్రం తీరిక దొరికింది. నూతి పక్కనే కదా ఆ కుండీ? నీళ్లు తోడుతూ రోజూ దాని ముందే నిలబడతావు. తవ్వితే ఖాళీగా ఉంటుందని నీ భయం. అంతేనా?

ములాఖత్ రోజున నా పేరు పిలుస్తారని చీర సర్దుకుని కూర్చుంటున్నాను. అందరి వాళ్లూ వస్తున్నారు. ఇనప తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. నువ్వు తవ్వనంతకాలం నీ మనసులో నేను విషం పెట్టినదాన్నే. తవ్వి, ఏది కనబడితే అది చెప్పు.

సుహాసిని

*

సుహా,

తవ్వాను.

వీధి తలుపు గడియ పెట్టి తవ్వాను. మట్టి రాయిలా బిగిసిపోయింది. నీళ్లు చిలకరించి, వేళ్లతోనే వదులు చేసుకుంటూ వెళ్లాను. ఒక దుంప తగిలింది. రెండు కొమ్ములు, ఒకదాని చివర తెల్లటి మొలక. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోదానికోసం అడుగుదాకా తవ్వాను. కుండీ బోర్లించాను. మట్టంతా జల్లెడ పట్టాను. లేదు. కుళ్లిపోయిందేమో అనుకుందామంటే ఎండు తొక్క కూడా లేదు.

దొరికినదాన్ని మళ్లీ పెట్టి కప్పేశాను. లాయరమ్మకి చెప్పలేదు, ఈ కవరు అంటించి ఇస్తున్నాను. ఎంత కడిగినా గోళ్లలో మట్టి పోలేదు. ఆ చేత్తో అమ్మ చెయ్యి పట్టుకోలేకపోయాను.

నిజం నాకొక్కడికే చెప్పు. అది ఏదైనా సరే, నేను ఇంకో దుంప తెచ్చి ఆ కుండీలో పెట్టేస్తాను. ఎక్కడో ఒక నర్సరీలో దొరక్కపోదు. తొలకరికి రెండూ మొలుస్తాయి. మూడో మనిషికి తెలియదు. నువ్వు బయటికి వస్తావు. ఇది చదివి చింపెయ్యి.

నీ
ధర్మేంద్ర

*

బావా,

చింపలేదు. లాయరమ్మకి చూపించాను. కోపం వస్తే రానీ.

ఆ కుండీలో ఇంకో దుంప పెట్టకు. పెట్టావంటే చెయ్యని పని నేను చేసినట్టు నువ్వే రాసి ఇచ్చినవాడివవుతావు. నన్ను కాపాడాలని ఎంత ఆత్రపడ్డావు! నమ్మాలని మాత్రం నీకు తోచలేదు.

రెండు దుంపలూ నా చేత్తోనే పాతాను. ఒకటి లేదంటే ఎవరో తీశారు. ఎవరని నన్ను అడగొద్దు. చూడని పని గురించి ఒకరి మీద వేలు చూపిస్తే ఏమవుతుందో నా బతుకులోనే చూస్తున్నాను.

కుండీలో ఒకటే ఉందని కోర్టుకి మనమే చెప్పాలని లాయరమ్మ అన్నారు. ‘ఇది మీకు చెరుపే చేస్తుందమ్మా. కానీ దాచి తర్వాత బయటపడితే ఇంక మీ మాట ఎవరూ వినరు’ అన్నారు. చెప్పమని సంతకం పెట్టాను. అత్త లేవకపోతే ఆ ఒక్క దుంపే నన్ను ఇక్కడ ఉంచేస్తుంది. తెలిసే పెట్టాను. నువ్వు తవ్వినమాట కూడా చెప్పెయ్యి.

సుహాసిని

*

నా సుహాసినికి,

అమ్మ మాట్లాడింది.

గొట్టం తీశాక కూడా గొంతు రాలేదు. మొన్న బత్తాయి రసం తాగిస్తుంటే చెంచా పక్కకి తోసి, ‘కోడలేదిరా?’ అంది. ఇంట్లో ఉందన్నాను.

‘అబద్దాలాడకు. ఇన్నాళ్లు నన్ను సూడకుండా ఉండగలదేటి అది?’ అంది.

చెప్పేశాను. మంచం మీంచి లేవబోయింది. సెలైన్ సూది ఊడి రక్తం కారింది. నర్సు పట్టుకుంటే ఆవిడని కూడా తోసేసింది. ‘ఒరే ఎర్రోడా! నానే తవ్వుకున్నానురా. మోకాళ్ల నొప్పులకి అరగదీసి రాసుకోమని ఆ ఆకుమందుల దానమ్మ సెప్పినాది. రాసుకుంటే తగ్గనేదు. లోపలికి తీసుకుంటే తొందరగా తగ్గుతాదనుకున్నాను. దాని జోలికెల్లొద్దని పిల్ల ఎన్నిసార్లు సెప్పినాదో! తిడతాదని సాటుగా తీసి, మట్టి కప్పీసినాను’ అని ఏడ్చింది.

ఆ మాటే మేజిస్ట్రేటు గారు వచ్చినప్పుడు కూడా చెప్పింది. కీళ్ల నొప్పులకి ఆకులూ వేళ్లూ ఇచ్చే దానమ్మని పిలిచి అడిగితే, రాసుకోమన్నానే గాని తినమనలేదని లబోదిబోమంది. అమ్మ ట్రంకుపెట్టె వెనక సానరాయి, అరగదీయగా మిగిలిన దుంప ముక్క దొరికాయి. నీకు బెయిలు ఈ వారంలోనే వస్తుందని, కేసు నిలబడదని లాయరమ్మ అన్నారు.

చివరికి అమ్మ నావైపు చూసి, ‘మరి నువ్వేటి సేసినావురా ఇన్నాళ్లూ?’ అంది. అమ్మకి గుండు చూపించుకోవడం సిగ్గు. ఎవరొచ్చినా దుప్పటి లాక్కుంటోంది. నువ్వొస్తే మాత్రం తీస్తానంటోంది.

గేటు దగ్గరికి వస్తాను. నీకు ఇష్టం లేకపోతే రోడ్డుకి అవతల నిలబడతాను.

నీ
ధర్మేంద్ర

*

బావా,

నీ ఉత్తరం చదివి ఏడుస్తుంటే పక్క చాప ఆవిడ అత్త పోయిందనుకుని తనూ ఏడ్చింది. బతికిందని చెబితే, మరి ఏడుపెందుకని తిట్టింది.

గేటు దగ్గరికే రా. రోడ్డుకి అవతల నిలబడితే నిన్ను ఎక్కడని వెతకను? అక్కడినుంచి తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లు. అత్తని చూడాలి. గట్టిగా తిట్టాలి కూడా. ఆవిడ తల నిమరాలి.

ఆ తర్వాత నేను మన ఇంటికి రాను. గరివిడిలో మా అక్క రాజకుమారి దగ్గర ఉంటాను. అత్తకి నయమయ్యేదాకా ఆసుపత్రికి రోజూ అక్కడినుంచే వస్తాను. నీ మీద పంతం కాదు. ఇక్కడికి వచ్చిన రోజు జైలంటేనే భయం వేసింది. ఇప్పుడు అది లేదు. ఇంకో భయం మిగిలింది. నేను వడ్డిస్తాను, నువ్వు అన్నం కలుపుతావు, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందేమో. నువ్వు కావాలని ఆపకపోవచ్చు. దానంతటదే ఆగుతుందేమో. ఆ క్షణాన్ని మన ఇంట్లో, రోజూ, ఎదురుగా కూర్చుని నేను చూడలేను.

ఒక ఆదివారం అక్క ఇంటికి భోజనానికి రా. వంట నేనే చేస్తాను. నువ్వు ఎలా తింటావో చూసి, ఇంటికి ఎప్పుడు వస్తానో అప్పుడు చెబుతాను.

సుహాసిని