ఆగి ఉన్న కారు తాగే పెట్రోలు

ఫిబ్రవరి 12, మంగళవారం

పొద్దున్నే దేవదానం గారు. మా క్రైస్తవ సంఘానికి పెద్ద. గుమ్మంలోనే నిలబడ్డారు, కుర్చీ వేసినా కూర్చోలేదు. కారు సంఘానిది, అందులో పోసే పెట్రోలు సంఘానిది, మైకు సంఘానిది — నాది వాక్యం చెప్పే నోరొక్కటే.

“తమ్మీ, నెలకని పోయించిన పెట్రోలు సగం నెలకే ఒడుస్తాంది. నువ్వు తిరిగే ఊర్లు గవే. గా డ్రైవరు ఖాజా అమ్ముకుంటుండు.”

ఖాజా అలాంటివాడు కాడన్నాను.

“నువ్వు చూసినవా?”

చూడలేదు. అమ్మడం చూడలేదు, అమ్మకపోవడమూ చూడలేదు.

“రంజాన్ లోపల తీసేద్దాం. మా అక్క కొడుకున్నడు, లైసెన్సు గూడ ఉంది.”

ఆయన వెళ్లాక కాలు ఒకచోట నిలవలేదు. గ్రంథం తెరిస్తే తప్పుడు తూకపు రాళ్లను గురించిన మాట. ఎవరి సంచిలో ఉన్నాయి ఆ రాళ్లు? డ్రైవరు సంచిలోనా, బంకువాడి సంచిలోనా? కొలవాలి. కొలిచి తీరాలి.

ఫిబ్రవరి 13

ఖాజాతో అన్నాను — కారు లీటరుకు ఎంత ఇస్తుందో చూద్దామని. ఎందుకని అడగలేదు. అర్థమైపోయి ఉంటుంది.

“ఫుల్లు కొట్టిద్దాం అయ్యగారూ, మెడ దాక. తిరిగొద్దాం. మళ్ల గదే బంకుల, గదే జాగల నిలవెట్టి మళ్ల మెడ దాక కొట్టిద్దాం. రెండోసారి ఎంత పడితే గంత తాగినట్టు.”

అదే జాగా ఎందుకు?

“ఒక చక్రం ఎత్తు మీదుంటే నిండకముందే నిండినట్టు చూపెడ్తది. ట్యాంకు గూడ మనిషి లెక్కనే.”

ఫిబ్రవరి 15

కొత్తకోట బంకు. “జీరో చూసుకోండి” అన్నాడు బంకతను. చూశాను. కన్ను రెప్ప వేయకుండా చూశాను. నిండింది అన్నాక ఖాజా వెనక బంపరు పట్టుకుని కారును ఊపాడు. లోపలి గాలి బుడబుడమని పైకొచ్చింది, పెట్రోలు కిందికి జారింది. మళ్లీ పోశారు.

“అయ్యా, జర నువ్వు గూడ చెయ్యెయ్యి” — బంకతను. తెల్ల లాల్చీ వేసుకుని బంపరు ఊపాను. ఆగి ఉన్న బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. “గా అయ్య కారును జోకొడ్తుండు సూడే!”

నవ్వనీ.

ఫిబ్రవరి 16

నిన్న సాయంత్రం తండాలో ప్రార్థన కూడిక. అక్కడ కరెంటు లేదు. ఎప్పటిలాగే ఖాజా ఇంజను నడుపుతూనే ఉంచాడు — బ్యాటరీ ముసలిది, ఇంజను ఆగితే మైకు మూగబోతుంది. కొత్త బ్యాటరీ దసరా నుంచి అడుగుతున్నాను. వచ్చే పంటకి అంటారు.

వాక్యం బాగా వచ్చింది. ఎముకల్లో మంటలాగ వచ్చింది. ఎంతసేపు చెప్పానో తెలియదు.

ఇవాళ అదే బంకు, అదే జాగా. పోస్తున్నాడు, పోస్తూనే ఉన్నాడు. కారు మీటరు చెడి చాలా కాలం — తండా దూరం బస్సు కండక్టరును అడిగి తెలుసుకున్నాను. భాగిస్తే లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రాలేదు. ఖాజా ముఖం పాలిపోయింది. “పది ఇచ్చే బండి అయ్యగారూ ఇది…”

నువ్వు తీశావా అని అడిగేశాను. నోరు జారింది.

“నిన్న బంకు కాడికెల్లి ఇయ్యాల్టి దాక మీ పక్కనే ఉన్న గద.”

ఉన్నాడు. నేను కళ్లు మూసుకుని ప్రార్థించినంతసేపు తప్ప.

ఫిబ్రవరి 17, ఆదివారం

కళ్లు మూయలేకపోయాను ప్రార్థనలో. కిటికీలోంచి కారు కనపడుతోంది.

ఫిబ్రవరి 19

మహబూబ్‌నగర్ దవాఖాన, గొంతు చూపించుకోవడానికి. ఈసారీ బయల్దేరే ముందు ఫుల్లు. రోడ్డు పక్క రాళ్ల మీది కిలోమీటర్లు చూసుకుంటూ పోయాం.

డాక్టరు అద్దం పెట్టి చూశాడు. లోపల గింజలాంటిది పెరుగుతోందట. “మైకుల మెల్లగ మాట్లాడుకో. అరిచినవనుకో, వానలు పడేటాల్లకు గొంతు పోతది. మళ్ల రాదు.” దూత మాట నమ్మక, దేవాలయంలో మూగబోయి బయటికొచ్చిన గ్రంథంలోని యాజకుడు గుర్తొచ్చాడు. ఆయనకు కొడుకు పుట్టేదాకా గడువుంది, తర్వాత నోరు తెరుచుకుంది. నాకు?

తిరుగు దారిలో రైలు గేటు పడింది. ఖాజా టక్కున ఇంజను ఆపాడు.

ఎందుకు ఆపావన్నాను.

“గేటు వడ్డది గద అయ్యగారూ. నిలవడి ఊకె తాగుతది.”

రైలు పోయింది. గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు. ఇద్దరం కదల్లేదు.

తండాలోనూ అంతేనని నీకు ముందే తెలుసా?

“తెలుసు.”

మరెందుకు చెప్పలేదు?

“ఏమని జెప్పాలె? వాక్యం జర తక్కువ జెయ్యుండ్రి అని సాయిబును నేను జెప్తే బాగుంటదా?”

బంకులో పోయిస్తే ఈసారి లీటరుకు పది దాటింది.

గ్రంథంలోని ఆ ప్రవక్త కథే — దారిలో దూత నిలబడితే చూసింది గాడిద, చూడనివాడు పైనున్నవాడు. కర్ర మాత్రం గాడిదకే పడింది.

ఫిబ్రవరి 20

శాంతమ్మకు చెప్పాను. నవ్వింది. పెళ్లయినప్పటినుంచి నా వాక్యం ఎప్పుడు ముగుస్తుందా అని పొయ్యి మీద గిన్నె పెట్టుకుని కూర్చున్న మనిషి.

“అయితే పోయి పెద్దాయనకు జెప్పు.”

చెబితే మైకు తీసేస్తాడు. మైకు లేకుంటే అరవాలి. అరిస్తే గొంతు పోతుంది.

“ఒక్క గంటల ముగిస్తే ఏమైతది?”

అగ్ని గడియారం చూసుకుని మండుతుందా అన్నాను. గొంతు పెరిగింది. ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. “చెప్పకుంటే గా పిల్లగాని కొలువు పోతది” అని మాత్రం అన్నది.

ఫిబ్రవరి 24, ఆదివారం

న్యాయమైన కొలతల గురించి చెప్పాను. నేనే. ఆ నోటితోనే. దేవదానం గారు తల ఊపుతూ బయట కారు దగ్గర నిలబడ్డ ఖాజా వైపు చూస్తున్నారు. నేను ఆపలేదు. చెప్పలేదు.

ఫిబ్రవరి 26

దేవదానం గారి కబురు — ఒకటో తారీఖు నుంచి అక్క కొడుకు బండెక్కుతాడు. ఖాజా కారు కడుగుతున్నాడు. చక్రాల సందుల్లో వేలు పెట్టి మట్టి తీస్తున్నాడు. రేపు తనది కాని కారు.

ఫిబ్రవరి 27

వెళ్లాను. చెప్పాను. దేవదానం గారు పడి పడి నవ్వారు.

“నిలవడ్డ బండి తాగుడేంది తమ్మీ? నడిస్తే గద తాగేది!”

గ్రంథం మీద చెయ్యి వేసి చెబుతానన్నాను.

“గదెందుకు? చూపెట్టు. సంతనాడు పెద్దమనుషుల ముందట చూపెట్టు. అందాక ఎవని కొలువు వాని కాడనే ఉంటది.”

మార్చి 2, శనివారం

బంకులో మెడ దాకా. ఈసారి దేవదానం గారే బంపరు ఊపారు — ఎవరినీ నమ్మరు. రోడ్డు దాటి సంత మైదానంలో నిలిపాం. అక్క కొడుకు ట్యాంకు మూత దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఖాజా కారుకు దూరంగా, అందరికీ కనపడేటట్టు నిలబడ్డాడు. ఇంజను మొదలు. మైకు నా చేతిలో.

త్వరగా ముగిస్తే కొంచెమే ఖర్చవుతుంది — ఖాజా దొంగవుతాడు. సాగదీస్తే మైకు పోతుంది. రెండూ తెలిసి నిలబడ్డాను. దీపాల్లో నూనె తక్కువైన కన్యకల గురించి మొదలుపెట్టాను… ఎన్నడూ అట్లా చెప్పలేదు. కూరగాయలమ్మే ఆమె, “గీ అయ్య మమ్ముల ఇంటికి పోనిస్తడా లేడా” అంటూ గంప ఎత్తుకుని పోయింది. పెద్దమనుషులు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు. ఆపలేదు.

మళ్లీ రోడ్డు దాటి బంకు. పోస్తున్నాడు.

“ఇంక వడ్తాందా?” — దేవదానం గారు.

“ఇంక వడ్తాంది.”

కొంచెంసేపటికి మళ్లీ — “ఇంకనా?”

“ఇంక.”

బంకతను గొట్టం తీసి తగిలించాక దేవదానం గారు ఖాజా వైపు చూసి, “నీ పని నువ్వు జేసుకో” అన్నారు. తప్పైంది అనలేదు. నా వైపు చెయ్యి చాపారు.

“మైకియ్యి తమ్మీ. ఆదివారం గుళ్లె పెట్టుకుందువు, ఆడ కరెంటుంటది.”

ఇచ్చాను.

మార్చి 4

నిద్ర లేదు, కూర్చోవడం లేదు. ఖాజా వాళ్లమ్మ పటికబెల్లం, మిరియాలు కట్టి పంపింది. గొంతుకట.

మార్చి 7

తండా. మైకు లేదు. ఇంజను ఆపేశాం. ఎంత నిశ్శబ్దం! ముందు వరుస విన్నది. వెనకనుంచి గొర్లకాపరి ఒకతను — “ఇనొస్తలేదు అయ్యా! ముంగటోళ్లకేనా దేవుడు?”

అరిచాను.

మార్చి 8

మాట లేదు. శాంతమ్మకు చేతులతో చెబుతున్నాను. ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే నీళ్లలో ఎర్రటి చార.

మార్చి 11

గాలిలాంటి గొంతు తిరిగొచ్చింది. పెద్ద ఊరినుంచి కబురొచ్చింది — ఎల్లుండి సాయంత్రం రమ్మని, చుట్టుపక్కల వాళ్లంతా వస్తారని. వెళ్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. వెళ్లకుండా ఉండగలనా?

మార్చి 13, బుధవారం

కారు ముందు సీట్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దు గుట్ట మీదుంది. జనం వస్తూనే ఉన్నారు. పిల్లల్ని చంకనేసుకుని, చాపలు పట్టుకుని.

డిక్కీలోంచి ఖాజా మైకు, దాని స్పీకరు పెట్టె తీశాడు. తెల్లబోయి చూశాను. ఎక్కడిదని అడిగాను, సైగతోనే.

“పొద్దుగాల పెద్దాయన ఇంటికి పోయిన. మైకు పెట్టినప్పుడు ఎంత తాగితే గంత నా జీతంల కోసుకోండ్రి అన్న. సరే అన్నడు.”

సరే అన్నాడా! ఇల్లు గడవని మనిషి, నాలుగు దినాల్లో ఉపవాసాలు మొదలయ్యే మనిషి అడిగితే సరే అన్నాడా ఆయన! నాకు కోపం దేవదానం గారి మీద వచ్చింది, ఖాజా మీద వచ్చింది, ఈ ఆగని నోటి మీద వచ్చింది. వద్దన్నాను. నా మతానికి నీ జీతం ఎందుకన్నాను. గొంతు బయటికి రాలేదు, గాలే వచ్చింది.

“మతం సంగతి మీకెర్క అయ్యగారూ. మొన్న సంతల మీరు జెప్పింది నా కోసం గాదా?”

మైకు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తాళం తిప్పాడు. ఇంజను మొదలైంది.

జనం కూర్చున్నారు. ఇటే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తేల్చుకుందామని గ్రంథం తెరిచాను — అక్షరాలు కదులుతున్నాయి. దిగాలా? దిగితే ఎంతసేపు? దిగకుండా తాళం తిప్పి ఆపేయమనాలా?

“మొదలువెట్టుండ్రి అయ్యగారూ” అంటున్నాడు ఖాజా.

నేను ఇది రాస్తున్నంతసేపూ కారు తాగుతూనే ఉంది.