నాన్న ట్రాక్టరు కదలకపోవడానికి కారణం

వీలునామా రాయడానికి ఇన్నాళ్లూ బద్ధకించాను. రాసేంత ఆస్తి లేదన్నది పైకి చెప్పుకున్న సాకు. రాయడం మొదలుపెడితే ఒక సంగతి ఒప్పుకోవాల్సి వస్తుందన్నది అసలు భయం. వచ్చే గురువారం డాక్టర్లు నా గుండెలో సరిగా మూసుకోని కవాటాన్ని బాగుచేస్తారట. ఇక తప్పదు.

మిన్నెసోటా రాష్ట్రం, హెల్గెన్ గ్రామ నివాసి, కీర్తిశేషులు ఐనార్ హౌగ్దాల్ గారి కుమార్తె మార్లిస్ అను నేను, వయసు యాభై, అవివాహితను, బడి వంటగదిలో ఉద్యోగిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, దేవుని ఎదుట ఇది రాస్తున్నాను. ఆ తెలివి మొన్న మే నెలలో వచ్చింది. అంతకుముందు ఉందని ప్రమాణం చేయలేను. దీన్ని అమలు జరపవలసినది నా స్నేహితురాలు ఆర్డిత్.

1. ఇల్లు, చుట్టూ ఉన్న స్థలం నా తమ్ముడు ఆరిన్ కూతురు సిగ్నెకు. కిటికీ పక్కన చిన్న మంచం కూడా. ఏడేళ్లుగా ఆ పిల్ల దాని మీద పడుకోలేదు. దుప్పటి మాత్రం ప్రతి నెలా ఉతుకుతున్నాను.

2. పల్చటి లెఫ్సె బంగాళదుంప రొట్టెలు ఒత్తే కర్ర, పెద్ద పెనం ఆర్డిత్‌కు. ఆర్డిత్, నీ రొట్టెలు మందం. ఇరవై ఏళ్లుగా "బాగున్నాయే" అన్నాను. ప్రభువు క్షమించాడనుకుంటాను, నువ్వు కూడా క్షమించు. కర్ర మీద బలం పెట్టకు, ఓపిక పెట్టు.

3. నాన్న తోట ట్రాక్టరు, కింద బిగించిన గడ్డి కోసే పళ్లెంతో సహా, ఆరిన్‌కు. కారణం రాయాలి.

ఏడేళ్ల కిందట ఆరిన్ బంగాళదుంపల మడి దున్నుకోవడానికి దాన్ని తీసుకెళ్లాడు. శనివారం నేను ఇంట్లో లేనప్పుడు తెచ్చి, కొట్టం ముందు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని మరిచి వెళ్లిపోయాడు. సాయంత్రం వాన మొదలైంది. ట్రాక్టరు వెనక ఒక చిన్న ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని బయటికి లాగితే ఇంజను లేకుండా బండిని చేత్తో తోయొచ్చు. లాగాను, కొట్టంలోకి తోశాను. మళ్లీ లోపలికి నెట్టడం మరిచాను. నెట్టకపోతే ఇంజను ఎంత అరిచినా చక్రాలు తిరగవు.

సోమవారం ఆరిన్ తాళంచెవి తెచ్చాడు. ఇంజను ఆడింది, బండి కదల్లేదు.

"అక్కా, మొన్న నేనే తోలుకొచ్చాను కదా, బాగానే నడిచింది. ఒక్కసారి వంగి చూడనీ" అన్నాడు.

"నువ్వు చూసింది చాల్లే తమ్ముడూ" అన్నాను, చాలా మెల్లగా. నేను గట్టిగా మాట్లాడనని ఊళ్లో మంచి పేరు.

బెల్టు మార్చాను. ఆయిలు మార్చాను. కడ్డీ వైపు మాత్రం చూడలేదు. తప్పు ఎవరిదో ముందే తెలిసినదాన్ని, ఇంకెక్కడ వెతుకుతాను? బుధవారం ప్రార్థన కూటంలో, అరువు తెచ్చుకున్న వస్తువును పాడుచేసి ఇచ్చేవారి మనసు మార్చు ప్రభువా అని పైకే ప్రార్థించాను. పేరు చెప్పలేదు. ఉన్నది పదకొండు మందిమి. ఆరిన్ "ఆమేన్" అని, లేచి, టోపీ పెట్టుకుని వెళ్లాడు. ఆ ఆదివారం నుంచి ముప్పై మైళ్ల దూరంలోని చర్చికి వెళ్తున్నాడు.

అంతకుముందు ట్రాక్టరుతో కోసే చర్చి సమాధుల దగ్గరి గడ్డిని ఏడు వేసవులు తోపుడు యంత్రంతో కోశాను. "పాపం మార్లిస్" అనేవారు. ఆ మాట తియ్యగా ఉండేది. ఏటా ఒకసారి ట్రాక్టరు స్టార్టు చేసి, అది కదలకపోవడం చూసి, తమ్ముడి తప్పు చెక్కుచెదరలేదని తృప్తి పడేదాన్ని.

మేలో తుక్కు కొనే రూడీని పిలిచాను. అతను వెనక వంగి చూసి, బూటు కొనతో కడ్డీ లోపలికి నెట్టాడు. "దీన్ని లాగి వదిలేసిన మహానుభావుడెవరమ్మా?" అని నవ్వుతూ ట్రాక్టరును నా చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. నేనూ నవ్వాను. ఎవరో చెప్పలేదు. నాలుగు నెలలుగా తోపుడు యంత్రమే తోస్తున్నాను, ట్రాక్టరు చప్పుడు ఊరు వింటుందని.

4. నడిపేవారికి: బండి కదలకపోతే ముందు కడ్డీ చూడండి, తర్వాత బ్రేకు పూర్తిగా వదిలిందో లేదో, తర్వాత బెల్టు, తర్వాత ఆయిలు. మనుషుల సంగతి వీటన్నిటి తర్వాత.

ఇక్కడిదాకా రాసి చదువుకున్నాను. పోయాక తప్పు ఒప్పుకోవడం ఎంత హాయో అర్థమైంది. జవాబు వినే పని ఉండదు. కాబట్టి మూడో అంశం కొట్టేస్తున్నాను. రేపు ఆరాధన అయ్యాక ట్రాక్టరు మీదే ఆరిన్ ఇంటికి వెళ్లి, దాన్ని నా చేత్తోనే ఇస్తాను. ఆరు మైళ్లు, గంటన్నర, రోడ్డు పొడవునా అందరూ చూస్తారు. తలుపు తీయకపోవడం అతని హక్కు. ఆర్డిత్, నాలుగింటికి కారు తీసుకుని అటు రా. నేను వాళ్ల మెట్ల మీద కూర్చుని ఉంటే ఎక్కించుకో. కనబడకపోతే లోపల ఉన్నానని అర్థం, హారన్ కొట్టకుండా వెళ్లిపో.

కోర్టుకు కావలసినంత వేరే కాగితం మీద రాసి సంతకం చేశాను. ఈ కాగితాలు మాత్రం నీ దగ్గరే దాచు. నేను పోయినా ఆరిన్‌కు చూపించకు. ఇందులో అతనికి చెందిన మాట అతను నా నోటనే వినాలి.

తేదీ: 17 సెప్టెంబరు 2011, శనివారం.

(సంతకం) మార్లిస్ హౌగ్దాల్

సాక్షులు, చదవకుండా సంతకం చేసినవారు:
గ్లెన్ ఓస్టెర్‌హూస్
బెర్నెట్ ఓస్టెర్‌హూస్