సునీత ముక్క

సునీతా,

వాళ్ల పున్నమి పండక్కి లిన్ వాళ్లమ్మ చైనా నుంచి పంపిన మూన్‌కేక్‌లు ఇవాళ వచ్చాయి. మళ్లీ అదే ఎర్ర రేకు డబ్బా. పోయినేటి డబ్బాలో నువ్వు పోసిన ఆవాలు ఇంకా అలాగే ఉన్నాయి.

నీ గదిలోకి దివ్య అని వరంగల్ అమ్మాయి వచ్చింది. ఫస్ట్ సెమిస్టర్. నీ సంగతి తనకి చెప్పలేదు. ఆ గదిలోనే పడుకోవాలి కదా పాపం.

సాయంత్రం ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం. లిన్ కత్తి పట్టుకుని నా వైపు చూసి, "త్రీ ఆర్ ఫోర్?" అంది. వాళ్లింట్లో ఊరెళ్లినవాళ్లకీ ఒక ముక్క కోసి పక్కన పెడతారు, తిరిగొచ్చి తింటారని. పోయినేడు నువ్వు ఇంటర్వ్యూకి షికాగో వెళ్తే నీ ముక్క ఫ్రిజ్‌లో దాచాం. రాగానే బూట్లు కూడా విప్పకుండా తిన్నావు. మధ్యలో పెట్టే ఉప్పు గుడ్డు పచ్చసొన మాత్రం వేలితో తవ్వి నా ప్లేట్‌లో పడేశావు.

డిసెంబర్‌లో ఐస్ మీద నీ కారు జారింది. నిన్ను పెట్టెలో హైదరాబాద్ పంపిన రోజు లిన్ నా పక్కనే ఉంది. అయినా అడిగింది.

"త్రీ," అన్నాను.

లిన్ మూడు ముక్కలు కోసింది. దివ్య తన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల పచ్చసొన కనపడగానే స్పూన్‌తో తీసి నా ప్లేట్‌లో పెట్టింది.

"నేను గుడ్డు తిననక్కా. మీరు తింటారా?"

తింటానన్నాను. ఇంకా ప్లేట్‌లోనే ఉంది.