పదిహేడో నంబరు పసుపు కారు

2008 ఫిబ్రవరి 8, శుక్రవారం

అబూ హమూర్‌లో ఒక విల్లా వెనకున్న కారు చూసొచ్చాను. పాత రేసు కారు, మంచి కండిషన్ అన్నాడు అమ్మేవాడు ఫోన్లో. కాక్‌పిట్‌లో మేకపిల్ల పడుకుని ఉంది. దాన్ని లేపితే సీటు కూడా దాంతోపాటే లేచి వచ్చింది. ఇంజిన్ ఏదయ్యా అంటే, అది వేరే అమ్మేశాం, మిగతాదంతా ఒరిజినల్ అన్నాడు. చేతికంటిన కంపు రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.

ఇది మూడోది. మొదటిది తుప్పు, రెండోది అబద్ధం, మూడోది మేక.

ఫిబ్రవరి 15

నా ఉద్యోగమే అసహ్యించుకోవడం. ఈ గల్ఫ్ దేశంలో, మెసయీద్ సైట్లో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఇతరులు అతికించిన పైపుల్లో తప్పులు వెతకడానికి జీతం ఇస్తారు. ఇంటికొచ్చాక కూడా అదే చూపు. మా ఆవిడ అనంతలక్ష్మి చేసిన గారెలో చిల్లు మధ్యకు లేదని మొన్న నేనంటే, తనే తినేసింది.

నిన్న సైట్లో ఆరు జాయింట్లు రిజెక్ట్ చేశాను. వెల్డింగ్ బంగారంలా ఉంది. కానీ నంబరు లేదు. ప్రతి వెల్డర్‌కీ ఒక నంబరు ఉంటుంది. జాయింటు పూర్తయ్యాక రెండంగుళాల అవతల ఆ నంబరు పైపులో గుంట పడేలా పంచ్ కొట్టాలి. ఇది నేను రాసిన రూలే. ఆ ఆరూ డబ్ల్యూ 114వి. అంటే ముత్యం అనే కుర్రాడివి. మెట్‌పల్లి దగ్గర పల్లె, వచ్చి ఏడాది కూడా కాలేదు. సార్, చూస్తె నా చెయ్యే అని మీకు ఎర్కైతలేదా అన్నాడు. ఎరుకే. అయినా నంబరు లేని జాయింటు అనాథ, రేపు పగిలితే ఎవణ్ణి పట్టుకోను అని అందరి ముందూ అరిచి, వార్నింగ్ లెటర్ చేతిలో పెట్టాను. సంతకం చేసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. చూడనట్టు ఉన్నాను.

ఫిబ్రవరి 22

తెలుగు సంఘం పిక్నిక్. చమురు బ్యారెల్ వంద డాలర్లు దాటింది కాబట్టి పులిహోరలో కూడా జీడిపప్పు ఎక్కువే. అందరి నోటా ప్లాట్లు. శంషాబాద్‌లో ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, ఎంతకు కొన్నారు, ఎంతకు పోతుంది. తింటున్న నోళ్ళతోనే గజాలు నములుతున్నారు. నువ్వేం కొన్నావని అడిగితే పాత రేసు కారు వెతుకుతున్నానన్నాను. ఒకాయనకు పొలమారింది.

నవ్వనివాడు ఒక్కడే, సుధాకరరావు. విజయవాడ మనిషి, ఏదో కంపెనీలో పెద్ద మేనేజరు. పాత కార్లు కొని అమ్ముతుంటాడట. పక్కన కూర్చుని, అసలీ పిచ్చి ఎలా పట్టిందండీ అని అడిగాడు. చెప్పాను. 1976లో అన్నయ్యా నేనూ నెల్లూరు నుంచి బస్సెక్కి మద్రాసు దగ్గర షోలవరం పోయాం, పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు చూడ్డానికి. పసుపు కారు, పదిహేడో నంబరు. మలుపు దగ్గర వెనకచక్రం జారినా మళ్ళీ సర్దుకుని పోయింది. నాకప్పుడు పదహారు. ఆ మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏ పసుపు, లేతా ముదురా అన్నాడు. అంకె తెల్లటి గుండ్రంలో ఉందా అన్నాడు. సైలెన్సర్ ఏ పక్కన అన్నాడు. మజ్జిగ మళ్ళీ మళ్ళీ పోశాడు.

ఇన్నాళ్ళకి ఒక అభిరుచి ఉన్న మనిషి దొరికాడు.

మార్చి 14

పుస్తకాలు చదివి నాకోసం రాసుకున్న రూల్స్: ముందు కాగితాలు చూడాలి. తరవాత చాసిస్, అంటే పైపులతో అతికించిన చట్రం. ఆ తరవాత ఇంజిన్. కొనేముందు అందులో కూర్చోవాలి. విడిభాగాల మూట కొనకూడదు, నడిచే బండి కొనాలి. రంగు మాత్రం చూడకూడదు. రంగు చూసి కొన్నవాడు మూర్ఖుడు.

ఏప్రిల్ 11

సుధాకరరావు ఫోన్. దొరికిందట. 1971లో ఇంగ్లాండులో ఎప్పుడో మూతపడ్డ ఒక చిన్న వర్క్‌షాపులో చేసిన సింగిల్ సీటర్. మద్రాసు చేరి షోలవరంలో పరిగెత్తి, కొలంబో పోయి, అక్కణ్ణుంచి ఒక ఇంజినీరుతో బహ్రెయిన్ వచ్చిందట. ఏ రంగు అని అడిగాను.

నేనే అడిగాను.

ఏప్రిల్ 18

ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన షెడ్డుకు వెళ్ళాను. తోడుగా ఫసీయుద్దీన్. హైదరాబాద్ మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ గ్యారేజీ, నా డొక్కు కారును బతికిస్తున్నది అతనే. సుధాకరరావు టార్పాలిన్ లాగాడు. పసుపు. తెల్లటి గుండ్రంలో 17. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ తిరిగాయి.

కాగితాలు జెరాక్సులు. ఒరిజినల్స్ బహ్రెయిన్ నుంచి రావాలట. సరే అన్నాను. చాసిస్ పైపుల మీద పెయింటు మందంగా ఉంది. టార్చి పట్టుకెళ్ళాను, జేబులోంచి తియ్యలేదు. కూర్చోబోతే పొట్ట అడ్డొచ్చింది. దింపడానికి ఇద్దరు, లేపడానికి ముగ్గురు కావలసి వచ్చారు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే మాత్రం అదే మోత.

ఫసీయుద్దీన్ చుట్టూ తిరిగి, వంగి, పైపు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. నన్ను పక్కకు పిలిచి, సాబ్, ముప్పైయేండ్ల బండి ముప్పైయేండ్ల వాసన రావాలె, ఇది నిన్నటి పెయింట్ వాసన వస్తుంది, ఇంజన్ పాతదే, బండి కాదు, వద్దు సాబ్ అన్నాడు. అతని గ్యారేజీలో కాకుండా వేరే చోట కొంటున్నానని కడుపుమంట అనుకున్నాను.

ఏప్రిల్ 19

డెబ్భై వేల రియాళ్ళకు కొన్నాను. అనంతలక్ష్మికి సగమే చెప్పాను.

మే 2, శుక్రవారం, ఉదయం 9

అల్ వక్రాలో మా ఇంటి కార్ షెడ్డు కింద దించారు. ఎదురింటివాళ్ళు బాల్కనీలోంచి చూస్తున్నారు. అనంతలక్ష్మి స్నానం చేసి పట్టుచీర కట్టుకుంది. ఇన్ని డబ్బులు పోసిన బండిని పూజ లేకుండా కదలనివ్వనంది. సగం సంగతే తెలిసి ఇంత మర్యాద. నిజం తెలిస్తే కొబ్బరికాయ నా నెత్తిన కొట్టేది. నిమ్మకాయలు నాలుగూ సిద్ధం.

మధ్యాహ్నం 2

కొబ్బరికాయ కొట్టనేలేదు.

ఈ బండికి బానెట్ లేదు, డ్యాష్‌బోర్డ్ లేదు. బొట్టు ఎక్కడ పెట్టాలో తోచక అనంతలక్ష్మి పసుపు కుంకుమ తడిపి, కాక్‌పిట్ పక్కన బయటకు కనబడే పైపుకు పట్టించింది. ఎక్కువైందని చీర కొంగుతో తనే తుడిచింది. పైపు మీద కుంకుమ పోయింది. ఒకచోట మాత్రం పోలేదు. పెయింటు పూర్తిగా పూడ్చని సన్నటి గుంటల్లో నిలబడింది. ఎర్రగా, చక్కగా, ఒక అక్షరం, మూడంకెలు.

డబ్ల్యూ 114.

జాయింటుకు రెండంగుళాల అవతల. నా రూలు ప్రకారం.

ఏమండీ, దేవుడి దయ, బండి నంబరు కూడా కనబడింది అంది. నిమ్మకాయ చేతిలోనే పెట్టుకుని పాకుతూ చుట్టూ తిరిగాను. కుంకుమ తడిపి పూసి, తుడిచి చూశాను. ప్రతి జాయింటు దగ్గరా ఉంది. 1971లో ఇంగ్లాండులో తయారైన కారు నిండా మెట్‌పల్లి ముత్యం నంబరు. ఒక్కటి కూడా మరిచిపోలేదు. సైట్లో ఇంత శ్రద్ధ ఎప్పుడైనా చూపించాడా?

పగుళ్ళు పట్టడానికి నేను రోజూ సైట్లో వాడే ఎర్ర రంగు ఇలాగే పని చేస్తుంది. పూసి తుడిస్తే తప్పున్న చోట ఎరుపు మిగులుతుంది. ముప్పై ఏళ్ళ అనుభవం, సర్టిఫికెట్లు, జేబులో టార్చి. చివరికి ఇన్‌స్పెక్షన్ చేసింది అనంతలక్ష్మి.

మే 3

ముత్యాన్ని టీ టైమ్‌లో పక్కకు పిలిచాను. పసుపు బండి అనగానే ముఖం నల్లబడింది. ఏడు శుక్రవారాలు ఆ షెడ్డులో చేశాడట. షేకు పిల్లలు ఆడుకునే బొమ్మబండి అన్కున్న సార్, కొలతలిచ్చిండ్రు, పైపులిచ్చిండ్రు, అతికిచ్చిన అన్నాడు. మరి నంబరెందుకు కొట్టావురా అన్నాను. వింతగా చూశాడు. మీరే గద సార్ లెటర్ ఇచ్చిండ్రు, నంబర్ లేకుంటె అనాథ అంటిరి, గప్పటి సంది చెయ్యికి అదే అలవాటైంది అన్నాడు.

తరవాత గొంతు తగ్గించి, బయట పంజేసినట్టు కంపెనీకి ఎర్కైతె వీసా కాన్సల్ చేస్తరు సార్, మా అవ్వకు ఏం జెప్పాలె అన్నాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

మే 4

అన్నయ్యకు నెల్లూరు ఫోన్ చేశాను. షోలవరంలో పదిహేడో నంబరు కారు ఆకుపచ్చదట. పసుపుది మేం వెళ్ళిన బస్సట.

మే 9

సుధాకరరావు ఇంటికి వెళ్ళాను. సోఫాలో కూర్చోబెట్టి బాదం పాలు ఇప్పించాడు. తాగాను. అదీ నా బతుకు.

నంబరు సంగతి చెప్తే ఆయన కంగారుపడలేదు. ఏంటండీ శేషాచలంగారూ, రేసు కార్లన్నాక గుద్దుకోవా, పైపులు మార్చరా, ఇంజినూ గేర్‌బాక్సూ పాతవేగా అన్నాడు. డబ్బు వెనక్కిమ్మన్నాను. నవ్వాడు. కాగితాల్లో నా పేరెక్కడుందో చూపించండి అన్నాడు. పోలీసుల దగ్గరికి పొండి, బండి మీద నంబరు ఎవరిదో వాళ్ళే చూసుకుంటారు, పోయేది ఆ వెల్డరేగా అన్నాడు. అదీ బాదం పాలంత తియ్యగా.

గేటు దాకా వచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. గ్రైండర్ పెట్టి రుద్దితే పోయేదానికి ఇంత బాధెందుకండీ, మస్కట్‌లో ఒక డాక్టరుగారున్నారు, మన గుంటూరాయనే, చిన్నప్పుడు చూసిన ఎర్ర కారు గురించి ఎప్పుడూ చెప్తుంటారు, రంగు మార్చి ఆయనకు అంటగడదాం, మీ డబ్బు మీకొచ్చేస్తుంది అన్నాడు.

నా జ్ఞాపకాన్ని నాకే అమ్మాడు. అదీ తప్పుడు జ్ఞాపకం. అదే పనిగా ఊళ్ళు తిరిగి ముసలాళ్ళ కలలకు కొలతలు తీసుకుంటున్నాడు. భుజాన ఆ చెయ్యి పడ్డచోట ఇంకా జిడ్డుగా ఉన్నట్టుంది.

మే 16

ఇది రాయకపోతే ఈ డైరీ దండగ.

గ్రైండర్ తెచ్చాను. కాక్‌పిట్ పక్కన, కుంకుమ నిలబడిన నంబరే, మొదట దాన్నే రుద్దాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డాక్టరుగారు పరిచయం లేనివాడు, డబ్బున్నవాడు, ఆయనకేం నష్టం అనుకున్నాను. నిన్నంతా అదే అనుకున్నాను. సుధాకరరావు ఫోన్ నంబరు కూడా నొక్కి, రింగ్ అవకముందే కట్ చేశాను. ఎవరెవర్ని చూసో అసహ్యించుకుంటాను కదా, ఇవాళ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోలేకపోయాను.

గ్రైండర్ ఆపింది మంచితనం కాదు. నున్నగా మెరుస్తున్న ఆ చోటు చూశాక, అది నంబరు లేని జాయింటు అని తోచింది. రిజెక్ట్ అన్నాను, పైకే. షెడ్డు కింద ఒక్కణ్ణే ఉన్నాను.

మే 17

అనంతలక్ష్మికి మిగతా సగం చెప్పాను. అన్నం వండుతోంది కానీ వడ్డించడం లేదు, గిన్నె ముందుకు తోస్తోంది.

జూన్ 27

కారును ఫసీయుద్దీన్ గ్యారేజీకి చేర్చి, ఐదు శుక్రవారాలుగా అక్కడే ఉంటున్నాను. నేను చెప్పిన కదా సాబ్ అని అతను ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది. ప్రతి జాయింటు దగ్గరా పసుపు పెయింటు గోకేసి ఎర్ర రంగు పూసి టెస్ట్ చేశాను. ఎనభై నాలుగు. రెండిట్లో సూది మొనంత చిల్లులు. మూడో శుక్రవారం ముత్యం వచ్చాడు. నేను రమ్మనలేదు, ఫసీయుద్దీన్ చెప్పాడట. నయా పైసా వద్దన్నాడు. ఆ రెండూ చూసి, ఛీ, గీ తప్పు నాదే సార్ అని తనే కోసి మళ్ళీ చేశాడు. కంపెనీకి నేనేమీ చెప్పలేదు, ఇక చెప్పను. డబ్బు పోయింది.

కారు ఇప్పుడు పసుపు కాదు. గజ్జి పట్టిన కుక్కలా ఉంది. అయినా ఎనభై నాలుగూ పాస్.

జూలై 11

లుసైల్ రేసు ట్రాక్ ఆఫీసులో ఫారం నింపాను. పాత కార్ల క్లాసులో కాదు, మామూలు క్లాసులో. తయారు చేసినవారు అన్నచోట తెలుగులో ముత్యం అని రాశాను. సంవత్సరం 2008. కౌంటర్లో ఉన్నవాడు ఇదేం కంపెనీ అని అడిగాడు. చిన్నది అన్నాను. తెలుగు రానివాడు కాబట్టి ముద్ర కొట్టేశాడు.

సాయంత్రం ముత్యం అందులో కూర్చుని ఫోటో దిగాడు. ఎవరి సాయం లేకుండా దిగి, ఎవరి సాయం లేకుండా లేచాడు. ఫోటో చూసి వాళ్ళ అవ్వ రాములవ్వ ఫోన్లో, దుబాయ్‌ల కార్లకు తలుపులుండయా బిడ్డా అని అడిగిందట.

జూలై 18

నేను రుద్దేసిన జాయింటు దగ్గర ముత్యం మళ్ళీ నంబరు కొట్టాడు. చివరి అంకె వంకరగా పడింది. తలెత్తి నా వంక చూశాడు.

పాస్ అన్నాను.