కాలువ మీద శీను వేసిన చెక్కలు

జూన్ 9
కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు. అయినా భయం. ఇంట్లోంచి రోడ్డెక్కాలంటే ఆ చెక్క వంతెనే దారి. నా కొడుకు శీను వేసింది. తుమ్మ చెక్కలు, ఆరు. బండి మీద వర్ని ఊరికి పోయొస్తానన్నాడు... పోయిన దసరా ముందు. ప్రాణంతో రాలేదు. చెక్కలున్నాయి.

జూన్ 11
మబ్బు. నిన్నటి జల్లుకే చెక్కలు నానాయి. ఇంకో వాన పడితే పాడైపోతాయని కోడలు లతతో ఆకుపచ్చ రంగు డబ్బా తెప్పించాను. పాత చీరతో తుడిచి అప్పుడే వేసేశాను, రెండు పూతలు. వాడికి స్నానం చేయించినట్టు అనిపించింది.

జూలై 2
రంగు పొక్కులు లేచింది. గిల్లితే నీళ్లు.

జూలై 3
చెక్క చివర, మట్టికి ఆనిన చోట, బీడీల ఆకు కత్తిరించే కత్తెర మొనతో పొడిచి చూశాను. ఉడికిన కందగడ్డలోకి దిగినట్టు దిగింది. కత్తెర కొంగులో దాచుకున్నాను. పొద్దున్నే శీను బిడ్డ చిన్ని దాని మీద గెంతుకుంటూ పోయి బడి ఆటో ఎక్కింది. ఏడేళ్ల పిల్ల. బీడీలు చుట్టబోతే ఒక్కటీ కుదరడం లేదు.

జూలై 4
పిల్లకు జ్వరమని బడి మాన్పించాను. లత నుదురు పట్టి చూసి — "సల్లగనే ఉన్నది గదా అత్తమ్మా?" పిల్లకు దుప్పటి ఇంకాస్త పైకి లాగాను.

జూలై 5
వడ్రంగి నర్సయ్య వచ్చాడు. వంగి వాసన చూశాడు. "ఏందక్కా, పెండ్లిపిల్ల లెక్క తయారు జేసినవ్! తడి మీద రంగేస్తే లోపలి నీళ్లు యాడికి పోవాలె? గందుకే మురిగింది."
రెండు చెక్కలు పనికిరావు. మిగతా నాలుగూ విప్పాలి. రంగు గీకి, మెత్తబడ్డ చివరలు కోసి, సందులిచ్చి నీడకు పేర్చాలి. బాగా ఆరాకే నూనె. చివరలకు ఎక్కువ తాపాలి. మట్టి తగలకుండా కింద రాళ్లు పెట్టాలి.
"శీనుగాడుంటే ఎంత ఒర్లునో నీ మీద" అని నవ్వాడు... సగంలో ఆపేశాడు.

జూలై 6
లతకు చెప్పేశాను. నేనే చెడగొట్టానని. బీడీల తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అంది — "డబ్బా దెచ్చింది నేనే గదా."

జూలై 14
వాన. పిల్లను ఎత్తుకుని దూరంగా తూము మీదుగా దాటిస్తున్నాను. చెక్కలు ఆరవు.

ఆగస్టు 8
వారం ఎండ కాసింది. అవిసె నూనె పట్టించాం. ఎంత పోస్తే అంత తాగాయి. శీనువి నాలుగు, కొత్తవి రెండు, పక్కపక్కన బిగించారు. నర్సయ్య మధ్యలో నిలబడి ఎగిరి చూపించాడు — "ఏనుగును తోలక్కా!" నేను కళ్లు మూసుకున్నాను.

ఆగస్టు 10
కాలువ నిండుగా పోతోంది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టు దాకా వచ్చాను. ఎప్పుడు విడిపించుకుందో... అవతలి ఒడ్డున ఉంది. "నానమ్మా, నువ్వు గూడ రా! నేను ఈడ నిలబడ్డ గదా!" ఆటో అతను హారన్ కొడుతున్నాడు.
కాలు పెట్టాను. తీశాను. పిల్ల ఇంకా పిలుస్తోంది. మళ్లీ పెట్టాను, ఈసారి తీయలేదు.