మజ్జిగలో దొరకనిది

ఎల్బీ నగర్, శుక్రవారం రాత్రి

అది నా ఒంట్లోనే ఉందట. ఇంకా నమ్మలేకుండా ఉన్నాను.

తెలంగాణ కోసం చౌరస్తాలో వంటావార్పు చేసిన మరునాడు మా గల్లీలో సగం మంది వాంతులతో దవాఖానలో పడ్డారు. బెజవాడ నుంచి వచ్చిన పక్కింటి పార్వతి పోసిన మజ్జిగే కారణమన్నారు. "పప్పు మనది, బువ్వ మనది, మజ్జిగ ఆంధ్రోళ్లది. ఇగ కడుపు కొట్టకుంటదా?" అని ఎదురింటి యాదగిరి ఆమె గుమ్మం ముందే నవ్వాడు. ఆమె ఇల్లు ఖాళీ చేస్తానంది.

వండినవాళ్లకూ వడ్డించినవాళ్లకూ పరీక్షలు చేశారు. ఈరోజు డాక్టరమ్మ చెప్పారు. మనుషుల వేలిముద్రల్లాగే క్రిములకూ జన్యువుల్లో గుర్తులుంటాయట. రోగుల్లో, వంటావార్పుకు నేను చేసిన దద్దోజనంలో, నాలో దొరికిన గుర్తు ఒకటేనట. మజ్జిగలో ఏమీ లేదు.

"నాకేం గాలేదు గదమ్మా?"

"క్రిమి ఒంట్లో ఉన్నా కొందరికి ఏం కాదు. మీకు తెలిసి చేసింది కాదు."

తలస్నానం చేసి, ఆంజనేయస్వామికి నైవేద్యం పెట్టి, ఈ చేత్తోనే కలిపాను.

గేటు దగ్గర పార్వతి ఎదురొచ్చింది. "ఏమన్నారు వదినా? నా మజ్జిగేనా?"

"నీది గాదు" అన్నాను.

నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. లాక్కోలేకపోయాను.

మరి ఎవరిదని ఆమె అడగలేదు. రేపు యాదగిరి అడుగుతాడు. ఆమె వినేటట్టే చెప్పాలి. స్వామీ, అప్పుడు నాకు నోరు రావాలి...