తోడేలు ఒక్కపొద్దు

మునిరత్నక్కకు,

మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే పెట్టి అందరూ వింటారు కనుక కలం పట్టాను. తన బిడ్డ కడుపులోనే పోయినప్పటి నుంచి మా కోమలి వీడియోగేమ్ ఆడుకుంటూ ఎవరితోనూ మాట్లాడటం లేదు కదా. అందుకే నేనూ ఆ ఆట నేర్చుకున్నాను. అందులో అడవి మృగాలకు తిండి పెట్టి మచ్చిక చేసుకోవాలి. తోడేలుకు మాంసం వేయాలి. శనివారం కదా అని నేను పళ్లు పెట్టాను. అది మీదపడి ఆటలో నన్ను చంపేసింది.

కోమలి పకపకా నవ్వింది. "ఏం మా, తోడేల్ని కూడా ఒక్కపొద్దు ఉండమంటావా?" అంది. ఎన్నాళ్లకు విన్నానక్కా ఆ గొంతు!

ఆదివారం తనే పక్కన కూర్చుని చెబుతుంటే మాంసం వేశాను. తోడేలు తోకాడిస్తూ నా వెంట వచ్చింది. అన్నానికి లేస్తే, పిలవకుండానే కోమలీ నా వెంట వచ్చింది. గెలిచానక్కా!

ఈ కాగితం దాచుకో, బావకు చూపవద్దు. దేవుడి గూట్లో మాత్రం పెట్టకు, ఇందులో మాంసం మాట ఉంది.

నీ చెల్లెలు